కుక్కతో ఆరు వారాల ప్రయాణం: ఆర్‌వీ ఖర్చెంత, అద్దె ఇంటి ఖర్చెంత?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

పెంపుడు జంతువులను వెంట తీసుకుని వారాల తరబడి చేసే ప్రయాణాల గురించి అమెరికాలోని మన పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాము. జూన్ రెండో వారంలో బయలుదేరి ఆరు వారాలపాటు కొలరాడో, ఎల్లోస్టోన్, వీలైతే గ్రాండ్ క్యానియన్ చూసి రావాలనుకుంటున్నాము. మేమిద్దరం, తొమ్మిదేళ్ల మా బాబు, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు, 32 కిలోల లాబ్రడార్ భీముడు కలిసి వెళ్తాము. మా వారిది ఇంటి నుంచే చేసే ఉద్యోగం. అత్తగారు బయటి తిండి తినరు. ఆర్‌వీ (పడకలు, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకుంటే హోటళ్ల ఖర్చు, బయటి భోజనాల ఖర్చు, కుక్కను బోర్డింగ్‌లో పెట్టే ఖర్చు అన్నీ మిగులుతాయని మిత్రులు అంటున్నారు. పాత ట్రైలర్ ఒకటి కొనుక్కుని మీ కారుకే తగిలించుకోండని ఇంకొకరి సలహా. మా కారు హోండా ఒడిస్సీ. ఏది తక్కువలో అవుతుంది?
– ఒక పాఠకురాలు, ప్లేనో

జవాబు: మీ మిత్రులు చెప్పినదానిలో వంట సంగతి నిజమే. కుక్క బోర్డింగ్‌కు మీ వైపు రాత్రికి 40 నుంచి 75 డాలర్లు అడుగుతారు కనుక, 55 చొప్పున చూసినా 42 రాత్రులకు 2,310 డాలర్లు అవుతుంది. అది మిగిలే మాట కూడా నిజమే, అయితే భీముణ్ణి ఏ వాహనంలో తీసుకువెళ్లినా ఆ డబ్బు మిగులుతుంది, ఆర్‌వీయే కానక్కరలేదు. హోటల్ ఖర్చు మిగులుతుందన్నది మాత్రం కాగితం మీద పెట్టి చూస్తే నిలవదు. ఎందుకంటే ఆర్‌వీకి అద్దె కట్టిన తరువాత దాన్ని నిలబెట్టే చోటుకు మళ్లీ రోజువారీ అద్దె కట్టాలి, ఇది మనవాళ్లు మొదట్లో లెక్కలోకి తీసుకోని ఖర్చు.

మొత్తం 42 రాత్రులు, 4,500 మైళ్లు, గ్యాలన్ గ్యాస్ (పెట్రోలు) 3 డాలర్ల 30 సెంట్లు అనుకుని నేను వేసిన అంచనా చెబుతాను. ధరలు ఊరినిబట్టి, వారాన్నిబట్టి మారతాయి కనుక మీకు చెప్పిన ధరలను ఇందులో వేసుకుని మళ్లీ కూడుకోండి. పద్దులు మాత్రం ఒక్కటీ వదలకండి.

నలుగురికీ, కుక్కకూ సరిపోయేది వ్యాన్ ముందు భాగం, దానిమీదుగా పడక ఉండే క్లాస్ సీ మోటార్ హోమ్. ఎక్కువ రోజులకు ఇచ్చే తగ్గింపు పోను రాత్రికి 180 డాలర్ల చొప్పున 7,560. రోజుకు 30 డాలర్ల ఇన్సూరెన్స్ 1,260. బుకింగ్ వెబ్‌సైట్ సర్వీస్ ఫీజు, పన్నులు సుమారు 1,200. పెంపుడు జంతువుకూ శుభ్రపరచడానికీ కలిపి 150. రోజుకు వంద మైళ్లు అద్దెలోనే కలిపి ఇస్తే, పైన తిరిగిన 300 మైళ్లకు 45 సెంట్ల చొప్పున 135. వంద మైళ్ల వెసులుబాటు లేకుండా మొదటి మైలు నుంచీ వసూలు చేసే పెద్ద అద్దె కంపెనీల దగ్గర అదే రేటున ఈ ఒక్క పద్దే 2,025 దాకా పోతుంది. ఈ బండి గ్యాలన్‌కు 9 మైళ్లకు మించి ఇవ్వదు కనుక 500 గ్యాలన్లకు 1,650. క్యాంప్‌గ్రౌండ్లలో ప్రభుత్వ స్థలాలు 25, 30 డాలర్లకు దొరికినా, నీరు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉండే ప్రైవేటు స్థలాలు 60 నుంచి 100 దాకా ఉంటాయి. సగటున 50 వేసుకుంటే 2,100. ప్రొపేన్, జెనరేటర్ గంటలు, మురుగు ఖాళీ చేసే డంప్ స్టేషన్ కలిపి 150. అన్నీ కలిస్తే 14,205 డాలర్లు. అంటే రాత్రికి 338.

అదే దారిలో మీ ఒడిస్సీలో వెళ్లి మోటళ్లలో దిగితే, పార్కుల దగ్గర జూలైలో ధరలు మండిపోతాయి కనుక 12 రాత్రులకు 260 చొప్పున, తక్కిన 30 రాత్రులకు 130 చొప్పున 7,020. కొన్ని మోటళ్లు పెంపుడు జంతువుకు ఏమీ అడగవు, కొన్ని రాత్రికింత అంటాయి, వంటగది ఉండే ఎక్స్‌టెండెడ్ స్టే హోటళ్లు చాలావరకు బసకు 75 నుంచి 150 దాకా తిరిగి ఇవ్వని ఫీజు తీసుకుంటాయి. పద్నాలుగు చోట్ల దిగుతారనుకుని చోటుకు సగటున 50 వేస్తే 700. గ్యాస్ 594. బయటి భోజనాల వల్ల రోజుకు అదనంగా 60 చొప్పున 2,520. మొత్తం 10,834. ఆర్‌వీ కంటే మూడువేలకు పైగా తక్కువే, కానీ అత్తగారికి ఆరు వారాలు బ్రెడ్డూ పెరుగూ పెట్టి తిప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మూడో మార్గం ఒకచోట ఇల్లు తీసుకోవడం. వరుసగా 28 రాత్రులు తీసుకుంటే చాలామంది ఇంటివాళ్లు నెలవారీ తగ్గింపు ఇస్తారు. ఫోర్ట్ కాలిన్స్ చుట్టుపక్కల రెండు పడకగదుల ఇంటికి 3,900, శుభ్రపరచడానికి 200, కుక్కకు 150, సర్వీస్ ఫీజు 500 కలిపి 4,750 అనుకుందాము. దారిలో, గ్రాండ్ క్యానియన్ దగ్గర కలిపి 14 మోటల్ రాత్రులకు 2,100, అక్కడి కుక్క ఫీజులు 250, స్థానికంగా తిరిగే వెయ్యి మైళ్లతో కలిపి గ్యాస్ 726, ఆ పద్నాలుగు రోజుల బయటి తిండి 840. మొత్తం 8,666. చాలా రాష్ట్రాల్లో ఒకే చోట 30 రోజులు, అంతకు మించి ఉండే బసకు లాడ్జింగ్ పన్ను పడదు. అందువల్ల 28 రాత్రులను 30 చేస్తే పెరిగే అద్దె కంటే తగ్గే పన్నే ఎక్కువ కావచ్చు, ఇంటివారిని ముందే అడిగి ఆ ఒప్పందాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

ట్రైలర్ మాట మీ విషయంలో పక్కన పెట్టవచ్చు. ఒడిస్సీ లాగగలిగే బరువు 3,500 పౌండ్లు. నలుగురు పడుకునే ఇరవై అడుగుల ట్రైలర్ ఖాళీగానే నాలుగువేల పౌండ్లకు అటూఇటూ తూగుతుంది, నీళ్లు, సామాను ఎక్కిస్తే ఇంకా పెరుగుతుంది. కారు మార్చే ఉద్దేశం ఉన్నా ఈ లెక్క చూడండి: 18,000 పెట్టి పాతది కొంటే టెక్సస్ పన్ను 6.25 శాతం చొప్పున 1,125, ట్రైలర్‌ను కారుకు తగిలించే హిచ్, బ్రేక్ కంట్రోలర్ వంటివి 1,200, ఇన్సూరెన్స్, నిలిపే చోటు, మరమ్మతులు కలిపి ఏడాదికి 2,400. మూడేళ్ల తరువాత 12,000కు అమ్మగలిగినా చేతి నుంచి పోయింది 15,525. ఏడాదికి 40 రాత్రులు అందులో పడుకుంటే రాత్రికి 129 పడుతుంది, దానిమీద క్యాంప్‌గ్రౌండ్ అద్దె. ఏడాదికి రెండే వారాలు వాడితే రాత్రికి 370 పడుతుంది. సెలవులు తక్కువగా ఉండే ఉద్యోగస్థులకు ట్రైలర్ పెరటిలో కట్టేసిన ఖర్చే.

ఇంతవరకు చెప్పింది రాత్రులకు అయ్యే ఖర్చు. కానీ కుక్కతో ప్రయాణం చేసేటప్పుడు పగలు దాన్ని ఎక్కడ ఉంచుతారన్న ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే ఏ లెక్కకైనా అర్థం ఉంటుందని నా గట్టి నమ్మకం. ఎల్లోస్టోన్‌లో కుక్కను రోడ్లకూ పార్కింగ్ స్థలాలకూ క్యాంప్‌గ్రౌండ్లకూ వంద అడుగులు దాటి తీసుకుపోకూడదు, తాడు ఆరడుగులకు మించకూడదు. వేడినీటి బుగ్గల దగ్గరి చెక్క బాటల మీదికీ, నడక దారుల్లోకీ అసలు రానివ్వరు. అక్కడి నేల పైకి గట్టిగా కనిపించి కింద మరుగుతూ ఉంటుంది కనుక ఈ నియమం కుక్క ప్రాణం కోసమే. రాకీ మౌంటెన్ పార్కులోనూ నడక దారులు కుక్కలకు లేవు. గ్రాండ్ క్యానియన్ దక్షిణ అంచున ఉండే రిమ్ ట్రెయిల్ మీద మాత్రం తాడుతో నడిపించవచ్చు. జాతీయ పార్కుల పక్కనే ఉండే నేషనల్ ఫారెస్ట్ అడవుల్లో చాలా దారులు కుక్కలకు తెరిచే ఉంటాయి, అందుకే నేను ఫోర్ట్ కాలిన్స్ పేరు చెప్పాను: రూజ్‌వెల్ట్ నేషనల్ ఫారెస్ట్ అక్కడికి దగ్గర, భీముడు మీతోపాటు కొండెక్కగలడు.

ఎల్లోస్టోన్‌లో మీరు నలుగురూ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గను చూడటానికి వెళ్లిన రెండు గంటలు భీముడు ఎక్కడ ఉంటాడు? మోటల్ గదిలో కుక్కను ఒంటరిగా వదలడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. కారులో వదలడం ప్రమాదం, అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి ఇరవై డిగ్రీల ఫారన్‌హీట్ మేర పెరుగుతుంది. ఆర్‌వీకి విలువ వచ్చేది ఇక్కడే. భీముడికి నీడ, చల్లదనం, నీళ్లు, తనకు అలవాటైన పరుపు అన్నీ వెంట ఉంటాయి. అయితే ఆ చల్లదనం కరెంటు ఉన్నంతసేపే. ఎల్లోస్టోన్ లోపల నీరు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉండే క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల కారణంగా అక్కడ గుడారాలకు అనుమతి లేదు, గట్టి గోడలున్న బళ్లనే రానిస్తారు. తక్కినవాటిలో జెనరేటరే గతి, అదీ అనుమతించిన చోట, నిర్ణయించిన వేళల్లోనే. అక్కడ పిల్లవాడు, పెద్దావిడతో సహా మీరు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని చూసి రావడమే పద్ధతి.

కరెంటు ఉందన్న ధీమాతో మేము పడ్డ బాధ ఒకటి చెప్పాలి. జూలైలో యూటాలోని మోయాబ్ దగ్గర ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాము. మధ్యాహ్నం ఏసీ నడుస్తోంది, ఇన్‌స్టంట్ పాట్‌లో కందిపప్పు ఉడుకుతోంది, వేడినీళ్ల ట్యాంకు కూడా కరెంటు మీదే పెట్టి ఉంది. మా కుక్క గౌరిని లోపలే ఉంచి మేమంతా స్నానాల గదుల వైపు వెళ్లి నలభై నిమిషాల్లో వచ్చాము. తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. ఏసీ చప్పుడు లేదు. ఆ బండికి వచ్చేది 30 ఆంపియర్ల కరెంటు. ఏసీ 13, నీళ్ల ట్యాంకు 12, పాట్ 8 లాగితే 33 అవుతుంది, మెయిన్ బ్రేకర్ పడిపోయింది. గోడ మీది మీటరు 96 డిగ్రీలు చూపిస్తోంది. గౌరి పరుపు మీద లేదు, బాత్రూం గచ్చు మీద పొట్ట ఆనించి, ముక్కు తలుపు కింది సందుకు పెట్టి, చొంగతో నేలంతా తడిపేసి పడుకుంది. తువ్వాళ్లు తడిపి దాని పొట్ట కింద, పాదాలకు చుట్టి, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా తాగించాము. అరగంటకు తేరుకుంది. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. ఆ తరువాత నుంచి లోపలి వేడిని సెల్ నెట్‌వర్క్ మీదుగా ఫోన్‌కు చెప్పే మానిటర్ లేకుండా మేము గౌరిని వదలలేదు. దాని ధర 150, 200 డాలర్ల మధ్య ఉంటుంది, నెలకు కొంత చందా కూడా ఉంటుంది. ఆర్‌వీ ఖర్చులో దాన్ని తప్పనిసరి పద్దుగా రాసుకోండి. సిగ్నల్ లేని చోట అదీ పనిచేయదు కనుక, ఎల్లోస్టోన్‌లో చాలా భాగం అటువంటిదే కనుక, అక్కడ ఒకరు కుక్క దగ్గర ఉండటమే దారి.

ఇవన్నీ చూసి మీకు నా సలహా ఇది. ఆరు వారాలకూ ఆర్‌వీ తీసుకోకండి. ఫోర్ట్ కాలిన్స్ చుట్టుపక్కల కంచె ఉన్న పెరడుతో ఒక ఇల్లు నాలుగు వారాలకు తీసుకోండి. మీ వారి ఉద్యోగం, అత్తగారి వంట, భీముడి పరుగు మూడూ అక్కడ సాగుతాయి. ఆ నాలుగు వారాలు ముగిశాక పది రాత్రులకు అక్కడి నుంచే క్లాస్ సీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లి రండి. అద్దెకిచ్చేవారిలో చాలామంది మీ కారును తమ దగ్గరే నిలుపుకోనిస్తారు. తక్కువ రోజులకు తగ్గింపు ఉండదు కనుక రాత్రికి 230 చొప్పున 2,300, ఇన్సూరెన్స్, ఫీజులు, పన్నులు 750, పైన తిరిగే 300 మైళ్లకు 135, మొత్తం 1,300 మైళ్లకు గ్యాస్ 477, క్యాంప్‌గ్రౌండ్లు 750, కుక్కకూ శుభ్రతకూ 150, అంటే 4,562. ఇంటి ఖర్చు 4,750, ప్లేనో నుంచి రాకపోకల దారిలో నాలుగు మోటల్ రాత్రులకు 600, అక్కడి కుక్క ఫీజులు 100, కారు గ్యాస్ 356, ఆ నాలుగు రోజుల తిండి 240 కలిపితే మొత్తం 10,608. ఇల్లు, మోటళ్ల మార్గం కంటే ఇది 1,942 డాలర్లు ఎక్కువ, మొత్తం ఆర్‌వీలోనే తిరగడం కంటే 3,600 తక్కువ. ఇందులో గ్రాండ్ క్యానియన్ వదులుకోవలసి వస్తుంది. ఆ నెలల్లో అరిజోనా దారి పొడవునా తారు రోడ్డు లాబ్రడార్ పాదాలను కాలుస్తుంది కనుక దాన్ని అక్టోబరుకు దాచుకోవడమే మేలు.

ఎల్లోస్టోన్ చోట్లు నెలల ముందే నిండిపోతాయి. ముందు క్యాంప్‌గ్రౌండ్, తరువాత బండి, ఆ తరువాత ఇల్లు, ఈ వరుసలో బుక్ చేయండి. బండి తీసుకునే రోజు లోపలా బయటా వీడియో తీసి ఉంచుకోండి, ఎందుకంటే కుక్క వెంట్రుకలు, తాలింపు వాసన ఈ రెండు కారణాలు చూపి డిపాజిట్‌లో కోతలు పెట్టడం మామూలు. తాలింపును బయట బల్ల మీద ఇండక్షన్ పొయ్యితో పెట్టుకోవచ్చు కానీ, ఎలుగుబంట్లు తిరిగే చోట వంట ముగిసిన వెంటనే గిన్నెతో సహా లోపలికి తెచ్చుకోవాలి. భీముడి తిండి గిన్నెకూ అదే నియమం వర్తిస్తుంది.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగ విరమణ చేసి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. చలికాలం మూడు నెలలు ఫ్లోరిడాలోని టాంపా వైపు గడపాలని ఉంది. మా ఇంట్లో రెండు పిల్లులు ఉన్నాయి, వాటిని వదిలి వెళ్లలేము. రెండు మూడేళ్ల వయసున్న మోటార్ హోమ్ ఒకటి 75,000 డాలర్లకు వస్తోందనీ, కొనుక్కుంటే ఏటా అద్దె బాధ తప్పుతుందనీ మా అబ్బాయి అంటున్నాడు.
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: మీ అబ్బాయి ప్రేమతోనే చెబుతున్నాడు, కానీ బండి కొన్నా చోటుకు అద్దె తప్పదు. ఆ మూడు నెలలు ఫ్లోరిడాకు గిరాకీ కాలం, ఆర్‌వీ పార్కులో నెలకు 1,200 చొప్పున 3,600 అవుతుంది, కరెంటుకు చాలాచోట్ల మీటరు ప్రకారం వేరే తీసుకుంటారు. న్యూజెర్సీ పన్ను 6.625 శాతం చొప్పున 4,969. దాన్ని మూడేళ్లకు పంచుకుంటే ఏడాదికి 1,656. బండి విలువ ఏడాదికి ఎనిమిదివేలు తరుగుతుందని తక్కువలోనే వేసుకుందాము. ఇన్సూరెన్స్ 1,500, తక్కిన తొమ్మిది నెలలు నిలిపే చోటుకు 1,125, మరమ్మతులకు 1,500, రానూపోనూ 2,400 మైళ్లకు గ్యాస్ 880. ఇదంతా 18,261. ఆ 75,000ను బ్యాంకులో ఉంచితే నాలుగు శాతానికి వచ్చే 3,000 వడ్డీ కూడా పోతుంది. ఏడాదికి ఇరవై ఒక్కవేలు దాటింది.

అమర్చిన అపార్ట్‌మెంట్ నెలకు 3,000 చొప్పున 9,000, పిల్లులకు ఫీజు 450. టెక్సస్ వంటి చోట్ల ముప్పై రోజులకు పోయే పన్ను ఫ్లోరిడాలో పోదు, అక్కడ ఆరు నెలలు, అంతకు లోపు ఇచ్చే అద్దెలన్నిటిమీదా రాష్ట్రపు పన్నూ కౌంటీ పన్నూ పడతాయి; పన్నెండు శాతం వేస్తే 1,080. కారుకు గ్యాస్ 283, దారిలో నాలుగు రాత్రులు 520, అక్కడి పిల్లుల ఫీజు 100. మొత్తం 11,433. బండి కొనడం కంటే దాదాపు పదివేలు తక్కువ. నెలనెలా ఊరు మారుతూ ఏడాదిలో ఏడెనిమిది నెలలు తిరిగేవారికైతే లెక్క వేరుగా ఉంటుంది, మీరు ఒకేచోట ఉండాలనుకుంటున్నారు కనుక బండి చక్రాలకు పని ఉండదు.

ఫ్లోరిడా కాండోల్లో ఇంటి యజమాని ఒప్పుకున్నా సరిపోదు, అక్కడి ఇళ్ల యజమానుల అసోసియేషన్ కూడా ఒప్పుకోవాలి. పెంపుడు జంతువుల సంఖ్యకూ బరువుకూ చాలాచోట్ల పరిమితి ఉంటుంది. రెండు పిల్లులు అని రాతపూర్వకంగా అనుమతి చేతికి వచ్చిన తరువాతే అడ్వాన్సు కట్టండి. పిల్లులకు ఇల్లు మారడం కుక్కల కంటే కష్టం. వాడిన లిట్టర్ కొంత, అవి పడుకునే పాత దుప్పటి ఉతకకుండా తీసుకువెళ్లి, మొదటి రెండు రోజులు ఒకే గదిలో ఉంచితే ఆ వాసనతో నిమ్మళిస్తాయి.

కారు నడపడం భారమనిపిస్తే విమానంలో సీటు కింద పెట్టుకునే సంచికి ఒక్కో పిల్లికి ఒక వైపుకు 100 నుంచి 150 డాలర్లు తీసుకుంటారు. ఒకరికి ఒక సంచి కనుక మీ ఇద్దరికీ సరిపోతుంది. కారును కూడా ఎక్కించుకుని వర్జీనియా నుంచి ఫ్లోరిడా వెళ్లే ఆమ్‌ట్రాక్ ఆటో ట్రైన్ గురించి చాలామంది అడుగుతుంటారు. అందులో పెంపుడు జంతువులను ఎక్కించుకోరు. ఆమ్‌ట్రాక్ మామూలు రైళ్లలోనూ సంచితో కలిపి 20 పౌండ్ల లోపు జంతువునే, ఏడు గంటలకు మించని ప్రయాణానికే అనుమతిస్తారు కనుక ఎడిసన్ నుంచి టాంపాకు అది కుదరదు.

ప్రశ్న: మేము సియాటిల్ దగ్గర బెల్‌వ్యూలో ఉంటాము. మా టెస్లా మోడల్ వైలో మూడు వారాలు కెనడాలోని బాన్ఫ్ వైపు తిరగాలనుకుంటున్నాము. మా కుక్క ఇండీ, అంటే మన దేశవాళీ జాతిది, 18 కిలోలు, మూడేళ్లది. కారులోనే ఉండే డాగ్ మోడ్‌తో సరిపెట్టుకోవచ్చా, ఆర్‌వీ తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, బెల్‌వ్యూ

జవాబు: మీ ప్రయాణానికి ఆర్‌వీ అక్కరలేదు. బాన్ఫ్ జాతీయ పార్కులో ఎల్లోస్టోన్‌కు భిన్నంగా, మూసి ఉంచిన కొన్ని దారులు తప్ప చాలా నడక దారుల్లోకి తాడుతో కుక్కను రానిస్తారు. అంటే పగలు మీ కుక్క మీతోనే ఉంటుంది. పగటి చోటు కోసమే ఆర్‌వీకి అదనంగా డబ్బు పెట్టాలని పైన చెప్పాను, మీకు ఆ అవసరం రాదు. వంటగది ఉన్న బస ఒకటి రెండు చోట్ల వారం చొప్పున తీసుకోండి.

డాగ్ మోడ్ 2019 నుంచి టెస్లా కార్లలో ఉంది. లోపలి చల్లదనాన్ని నిలిపి, దారిన పోయేవారికి కనిపించేలా తెర మీద వేడిని పెద్ద అక్షరాల్లో చూపుతుంది. బ్యాటరీ 20 శాతానికి పైన ఉన్నప్పుడే దాన్ని వాడాలి. కిరాణా కొట్టుకో, ఛార్జింగ్ స్టేషన్‌లోని బాత్రూంకో వెళ్లి వచ్చే పది పదిహేను నిమిషాలకు అది మంచి సదుపాయం. గంటల తరబడి కొండెక్కి రావడానికి దాన్ని నమ్ముకోకండి. కారులో చల్లగా ఉన్నా సరే, జంతువును ఒంటరిగా వదలడం నేరమయ్యే చోట్లు కూడా ఉన్నాయి.

సరిహద్దు కాగితాలకు పెద్ద ఖర్చు లేదు కానీ అవి లేకపోతే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. కెనడాలోకి వెళ్లేటప్పుడు రేబిస్ టీకా వేసిన సర్టిఫికెట్ చూపాలి. తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు, 2024 ఆగస్టు 1 నుంచి అమలులో ఉన్న సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం కుక్కకు ఆరు నెలల వయసు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి, డాగ్ ఇంపోర్ట్ ఫారం ఆన్‌లైన్‌లో నింపిన రసీదు చేతిలో ఉండాలి. ఆ ఫారానికి రుసుము లేదు. మీ కుక్కను ఒకవేళ ఇండియా నుంచి తెచ్చుకుని ఉంటే, తిరిగి అమెరికాలోకి వచ్చే రోజుకు ముందు ఆరు నెలల్లో అది ఏయే దేశాల్లో ఉందో సరిచూసుకోండి. రేబిస్ ముప్పు ఎక్కువ ఉన్న దేశాల జాబితాలో సీడీసీ భారతదేశాన్ని కూడా చేర్చింది. ఆ ఆరు నెలల్లో అక్కడ ఉన్న కుక్కకు కాగితాలు వేరు, వాటికి చాలా ముందుగా సిద్ధపడాలి. మైక్రోచిప్ నంబరు మీ పశువైద్యుడి టీకా సర్టిఫికెట్ మీద అచ్చయి ఉందో లేదో బయలుదేరడానికి రెండు వారాల ముందే చూసుకుంటే, తప్పు ఉన్నా దిద్దించుకోవడానికి సమయం మిగులుతుంది.